ఎర్ర చెవుల తాబేలు పెంపకం, 5వ పాఠం: ఇంట్లో తిరిగే పురుగుల్లో ఏవి పెట్టొచ్చు?

పోయిన పాఠంలో గుళికలు ఎన్ని వేయాలి, ఆకులు ఏవి పెట్టాలి అని వివరంగా చెప్పి, చివర్లో "పురుగులు కూడా ఇష్టంగా తింటుంది, ఏవి పెట్టాలో వచ్చే పాఠంలో చూద్దాం" అని రాశాను. మీలో చాలామంది ఆ వాక్యంలో కామా దగ్గరే ఆగిపోయారు. ఒకరు ట్యూబ్‌లైటు కింద రాలిన పురుగులన్నీ చీపురుతో ఊడ్చి తొట్టిలో పోశారు. ఇంకొకరు చాటలో ఏరిన ముక్క పురుగులు వేశారు. బొద్దింకలు వేసినవాళ్ళు కొందరు. వాళ్ళలో ఒకాయన తాబేలు మర్నాటికి మెడ వేలాడేసి, ఈత మానేసి, కాళ్ళు అదురుతూ కూర్చుందట. నీళ్ళు మార్చే పద్ధతి ఈసారి చెప్పాలనుకున్నాను కానీ, అది తర్వాతికి వాయిదా. ముందు పురుగుల సంగతి తేల్చుకుందాం.

అలాంటి లక్షణాలు కనిపిస్తే ఇంటివైద్యం వద్దు. పసుపు నీళ్ళు, ఉప్పు నీళ్ళు, వేపాకు, ఏవీ వద్దు. తొట్టిలోంచి తీసి, వెచ్చగా ఉన్నచోట, తల పైకి ఉండేంత పల్చటి నీళ్ళలో పెట్టండి. లోతు నీళ్ళలో ఉంచితే తల ఎత్తలేక మునిగి చచ్చిపోతుంది, నీటి తాబేలైనా సరే. అదే రోజు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూసే డాక్టరైతే, సరీసృపాల్ని చూసేవాళ్ళెవరో ఆయన్నే అడగండి.

నక్షత్ర తాబేలుకు మిడతలు పెట్టొచ్చా అని కూడా అడిగారు. అది గడ్డీ ఆకులూ మేసే మెట్ట తాబేలు, పురుగులతో దానికి పనిలేదు. అసలు దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 2022 సవరణ తర్వాత ఈ తాబేలు మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉండే జాబితాలో, ఉంది. కలిసొస్తుందని ఎవరో ఇచ్చి ఉంటే అటవీ శాఖకు అప్పగించండి. చెరువులోంచి పట్టుకొచ్చిన మన తాబేళ్ళకూ ఇదే మాట. ఈ పాఠాలు అక్వేరియం కొట్లో పిల్లగా అమ్మే, కళ్ళ వెనక ఎర్ర చార ఉండే అమెరికా జాతి తాబేలుకు మాత్రమే.

తిండి నీళ్ళలోనే పెట్టాలి, మిగిలింది తీసేయాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇవి మళ్ళీ చెప్పను.

ఇప్పుడు అసలు చిక్కు. "మా ఇంట్లో మందు కొట్టలేదండీ, బొద్దింక బతికే ఉంది, అందుకే వేశాం." ఈ ఒక్క మాట వినీ వినీ నాకు విసుగొచ్చేసింది. బతికి ఉండటానికీ మందు తినకపోవడానికీ ఏ సంబంధమూ లేదు. స్ప్రే కొడితే బొద్దింక వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటుంది, దాన్ని చూసి ఎవరూ తాబేలుకు వేయరు. ప్రమాదం మిగతా మందులతో. వంటింటి అలమర కీళ్ళ దగ్గర గోధుమరంగు చుక్కలుగా పెట్టే జెల్ తీసుకోండి. అది కావాలనే మెల్లగా పనిచేసేలా తయారుచేస్తారు. తిన్న బొద్దింక అక్కడికక్కడే చస్తే మిగతావాటికి మందు చేరదు కదా. అది గూటికి వెళ్ళాలి, అక్కడ రెట్ట వేయాలి, చావాలి, దాని రెట్టనూ శవాన్నీ తిని ఇంకో నాలుగు చావాలి. జెల్ పనిచేసే పద్ధతే అది. అంటే మీ చేతికి చిక్కిన బొద్దింక జెల్ ముట్టకపోయినా, ముట్టినదాన్ని తిని ఉండొచ్చు. బోరిక్ పౌడర్ కథ ఇంకా నెమ్మది. కాళ్ళకు అంటుకున్న పొడిని నోటితో శుభ్రం చేసుకుంటూ మింగుతుంది, చావడానికి రోజులు పడుతుంది. ఈ లోపల మామూలుగానే పరుగెడుతుంది. సింకు కింద గీసే చాక్‌పీసు గీత మీదుగా నడిచి వచ్చిన బొద్దింక కాళ్ళకు ఆ పొడి ఉంటుంది. ఆ చాక్‌పీసుల్లోనూ స్ప్రేల్లోనూ ఎక్కువగా ఉండేవి పైరిత్రాయిడ్ జాతి మందులు. మనిషికి చేసే హాని తక్కువే గానీ, చేపల్లాంటి నీటి ప్రాణులు చాలా కొద్ది మోతాదుకే చచ్చిపోతాయి. తాబేలు ఉండే నీళ్ళలో దాన్ని ఎందుకు కలపాలి?

సరే, మీ ఇంట్లో ఏ మందూ లేదు. పక్క ఫ్లాట్ వాళ్ళు పోయిన వారం పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలిచారేమో మీకు తెలుసా? బొద్దింక బాత్రూమ్ జాలీలోంచి వస్తుంది. ఆ గొట్టం కింద ఛాంబర్‌లోకి పోతుంది, ఆ ఛాంబర్ మొత్తం అపార్ట్‌మెంటుది. "డబ్బాలో రెండ్రోజులు ఉంచాను, చావలేదు" అన్నా ఒప్పుకోను. ఒక్కో బొద్దింకను చంపలేని చిన్న మోతాదులే, పది బొద్దింకలు తింటే పోగుపడి ఒక చిన్న తాబేలు కడుపులో చేరతాయి. మందు సంగతి వదిలేసినా, మురుగులో తిరిగే బొద్దింక సాల్మొనెల్లా బ్యాక్టీరియానూ పరాన్నజీవుల్నీ మోసుకొస్తుంది. కాబట్టి ఇంటి బొద్దింక వద్దు. పెంపకందార్లు డబ్బాల్లో పెంచి అమ్మే డూబియా బొద్దింక వేరే జాతి, అది మంచి తిండి. కానీ మా ఇంట్లో ఆ పేరు ఎత్తితే నన్నే బయటికి పంపిస్తారు.

మిగతావి చకచకా చూద్దాం. ఈగలు: చెత్తకుండీ మీద వాలి వస్తాయి, వద్దు. చీమలు: కుడతాయి, వద్దు. కందిరీగ, తేనెటీగ, జెర్రి: అడగాల్సిన పనిలేదు. రోకలిబండను ముట్టుకుంటే చుట్ట చుట్టుకుని ఘాటైన రసం వదులుతుంది, అది విషం. బొచ్చు గొంగళి వద్దు. మిణుగురు పురుగు మాత్రం గుర్తుపెట్టుకోండి. దాని ఒంట్లో గుండెను దెబ్బతీసే విషం ఉంటుంది, పెంపుడు బల్లులు ఒక్కటి తినే చచ్చిపోయాయి.

బియ్యంలో నల్లటి ముక్క పురుగు విషపురుగు కాదు, గట్టి పెంకు తప్ప దానిలో ఏమీ ఉండదు. కానీ మన ఇళ్ళలో బియ్యానికీ పప్పులకీ బోరిక్ పౌడర్ పట్టించే అలవాటు ఉందిగా! అమ్మనో అత్తగారినో అడిగి చూడండి, ఏం చెబుతారో. పిండిలో ఎర్రగా తిరిగే చిన్న లక్క పురుగులు అసలే వద్దు. పురుగు పట్టిన పిండికి ఆ ఘాటు వాసన వాటి ఒంట్లోంచి వచ్చే రసాయనానిదే.

దోమ పిల్లలు, అంటే నిలవ నీళ్ళలో మెలికలు తిరిగేవి, పిల్ల తాబేలుకు చక్కటి తిండే. అయితే మున్సిపాలిటీ వాళ్ళు మందు చల్లిన నీళ్ళవి కాకూడదు. తాబేలు కోసమని బకెట్‌లో దోమల్ని పెంచే ఆలోచన చేయకండి, వీధంతా డెంగీ వస్తే తిట్టేది నన్నే.

ఉసుళ్ళ, అంటే రెక్కల చెదపురుగుల, సంగతి చెప్పకపోతే ఈ పాఠానికి అర్థం లేదు. తొలకరి వాన వెలిసిన సాయంత్రం వరండా దీపం కిందికి గుంపుగా వస్తాయి. నా పద్ధతి: లైటు కింద వెడల్పాటి బేసిన్‌లో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి పెడతాను. నీళ్ళలో దీపం మెరుపు చూసి వాటంతటవే పడతాయి, రెక్కలు ఊడి నీటి మీద తేలతాయి. చిటికెడు ఉసుళ్ళు చేత్తో ఏరి వేస్తే తాబేలు మెడ బారెడు చాచి ఒక్కొక్కటే లాక్కుంటుంది. వేయాల్సింది ఉసుళ్ళు మాత్రమే, బేసిన్‌లో పడ్డదంతా కాదు. దీపానికి పెంకు పురుగులు కూడా వస్తాయి, వాటిలో ఒంటికి తగిలితే బొబ్బలెక్కించేవి ఉంటాయి. ట్యూబ్‌లైటు కింద ఊడ్చి పోసినవాళ్ళు ఈ వాక్యం ఇంకోసారి చదవండి. ఉసుళ్ళలో కొవ్వు ఎక్కువ, అందుకని గుప్పెళ్ళతో వద్దు.

మిడత, కీచురాయి: ఇంటి చుట్టుపక్కల దొరికేవాటిలో నా ఓటు వీటికే. మందు కొట్టే పొలం గట్టు మీదివి కాకూడదు. మిడత వెనక కాళ్ళకు రంపం పళ్ళలా ముళ్ళుంటాయి, ఆ రెండు కాళ్ళూ తుంచేసి వేయండి. పట్టిన వెంటనే పెట్టకుండా ఒక రోజు డబ్బాలో ఉంచి క్యారెట్ తురుము, మునగాకు తిననివ్వండి. అది తిన్నదే తాబేలుకు చేరుతుంది.

ఏ పురుగైనా పిల్ల తాబేలుకు వారానికి రెండుసార్లు, ఏడాది దాటినదానికి ఒకసారి. పెద్దదానికి నేనైతే పదిహేను రోజులకోసారే పెడతాను. పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. అవే పెడుతూ పోతే పెంకు మెత్తబడుతుంది. ఆయుర్వేద సామాన్ల కొట్లో దొరికే సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఎముక) ముక్క తొట్టిలో వేసి ఉంచితే తాబేలే కొరుక్కుంటుంది. ఆ కాల్షియం ఒంటికి పట్టాలంటే ఎండ తగలాలి. కిటికీ అద్దం వెనక ఎండ లెక్కలోకి రాదు, రెండో పాఠంలో చెప్పాను.

అభ్యాసం. వచ్చే పాఠం వరకు ఎవరూ ఏ పురుగూ పెట్టకండి. రాత్రి వంటింట్లో లైటు ఆర్పి, గంట ఆగి, టార్చి పట్టుకుని వెళ్ళి బొద్దింకలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి. ఇంట్లో ఉన్న ప్రతి పురుగుల మందూ, కలరా ఉండలూ దోమల లిక్విడ్‌తో సహా, కాగితం మీద రాయండి. ఏ అలమరలో, ఎప్పుడు వాడారో కూడా. పక్క ఇంటివాళ్ళనీ, పైవాళ్ళనీ, వాచ్‌మన్‌నీ అడిగి అదే కాగితంలో కలపండి. ఆ కాగితం ఉన్నవాళ్ళకే వచ్చేసారి గోధుమ తవుడు డబ్బాలో మీల్‌వార్మ్‌లు అనే మేత పురుగుల్ని పెంచడం నేర్పుతాను. మూత బిగుతుగా ఉండే, అడుగు వెడల్పైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇప్పుడే వెతికి పెట్టుకోండి. మూతకు చిల్లులు నేను చెప్పాక పొడుద్దురుగాని.