యాదృచ్ఛిక వోల్టేజీ – 5వ పాఠం: నాలుగు చింతగింజలు

గిర్మాజీపేటలో మా అమ్మమ్మ గచ్చు మీద సుద్దముక్కతో గడులు గీసి అష్టాచెమ్మా ఆడించేది. గవ్వలు దొరక్కపోతే నాలుగు చింతగింజలు ఒకపక్క తెల్లబడేదాకా బండకు అరగదీసేది. చెమ్మా పడక ఎంతసేపు ఏడ్చేవాళ్లమో! నాలుగు గింజలు పడే తీరులు 16. నాలుగూ తెల్లగా పడేది అందులో ఒక్కటే, ఒక్కటీ తెల్లగా పడని అష్టా కూడా ఒక్కటే. రెండు తెల్లగా పడేవి మాత్రం 6.

సింథసైజర్‌ పాటకు స్వరాలను అదృష్టం మీద ఎంచే వోల్టేజీ తయారుచేసే ఇవాళ్టి సర్క్యూట్ ఈ లెక్కే.

పోయిన పాఠంలో నాయిస్‌ను కంపారేటర్ (వోల్టేజీ ఒక హద్దు దాటిందా లేదా అని చూసేది) గుండా పంపి 0 లేదా 12 వోల్టులు చేశాం కదా, దాన్ని సీడీ4015 షిఫ్ట్ రిజిస్టర్ (క్లాకు పల్సు పడ్డప్పుడల్లా బిట్లను, అంటే 0, 1లను, ఒక్కో గడి ముందుకు జరిపే చిప్పు) డేటా పిన్నుకు ఇవ్వండి. చిప్పుకు కూడా 12 వోల్టులే. రీసెట్ పిన్నును గ్రౌండుకు కట్టడం మరవొద్దు; దాన్ని గాల్లో వదిలేసి నేనొక ఆదివారం మొత్తం పోగొట్టుకున్న. వాడని సగం ఇన్‌పుట్లూ గ్రౌండుకే.

నాలుగు అవుట్‌పుట్ల నుంచి నాలుగు 100కె (కిలోఓమ్‌ల) రెసిస్టర్లు (1 శాతంవి) టీఎల్072 (రెండు ఆప్-ఆంపులున్న చిప్పు) సమ్మింగ్ ఇన్‌పుట్‌కు, అంటే వోల్టేజీలను కూడే చోటికి, కలపండి. ఫీడ్‌బ్యాక్‌లో 1కె, దానికి సిరీస్‌లో 1కె ప్రీసెట్ (తిప్పి సరిచేసే రెసిస్టర్). కూడిన వోల్టేజీ తలకిందులై వస్తుంది కాబట్టి, రెండో సగంతో దాన్ని తిరగేయండి. డేటా పిన్నును 12 వోల్టులకు పట్టి నాలుగు క్లాకులు ఇచ్చాక, మీటర్లో 0.667 వోల్టులు వచ్చేదాకా ప్రీసెట్ తిప్పండి. ఒక్కో బిట్టుకు 167 మిల్లీవోల్టులు. వోల్టుకొక స్థాయి (12 స్వరస్థానాలు) లెక్కన రెండు స్వరస్థానాలు.

ఇప్పుడు వినండి. పాట గంతులెయ్యదు. క్లాకు పడ్డప్పుడల్లా ఒక బిట్టు పోతుంది, ఒకటి వస్తుంది. నాలుగు గింజల్లో అన్నిటికన్నా పాతదాన్నే తీసి మళ్లీ వేసినట్టు. కాబట్టి మెట్టు ఒకటికి మించి కదలదు, సగం సార్లు ఉన్నచోటే ఉంటుంది. నడిమి స్వరం ఎక్కువ వినబడుతుంది, కొసలు అరుదు.

అవే బిట్లు, ఇంకో తీరు: ఒక్కో అవుట్‌పుట్‌కు 100కెలను 1, 2, 4, 8 చొప్పున సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలపండి. ఫీడ్‌బ్యాక్ 4.7కె, 2కె ప్రీసెట్. నాలుగు బిట్లూ ఉన్నప్పుడు 1.25 వోల్టులు రావాలి. ఇక 16 స్వరాలకూ సమాన అవకాశం, పాట ఎటంటే అటు దూకుతుంది. సింథసైజర్లు తయారుచేసిన డాన్ బుక్లా 266 మాడ్యూల్లో ఈ రెండింటికీ వేర్వేరు జాక్‌లున్నాయి: ఎన్+1, 2 ఘాతం ఎన్ (ఎన్ అంటే బిట్ల లెక్క). నేనైతే స్వరానికి మొదటిదే వాడుతా. రెండోది ఫిల్టరుకు బాగుంటుంది, పాటకు తొందరగా విసుగొస్తుంది.

ఇంటిపని: మొదటి తీరులోనే కంపారేటర్ హద్దును పెంచి, 1 నాలుగింట ఒకసారే పడేలా చేయండి. సరిగా అరగని గింజలాగా. నూటికి దాదాపు 74 సార్లు పాట కింది రెండు స్వరాల్లోనే ఉండాలి. ఓ 200 క్లాకులు లెక్కపెట్టి రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ హద్దును నాబ్‌తో కాక ఇంకో వోల్టేజీతో తిప్పుదాం.