బీటెక్ నచ్చక మానేశారా? కొత్త డిగ్రీని ఎలా ఎంచుకోవాలి?

బీటెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్) బ్రాంచిలో మూడు సెమిస్టర్లు చదివి మానేశాను. అప్పటికి ఆరు బ్యాక్‌లాగ్స్, అంటే తప్పిన పేపర్లు, ఉన్నాయి. తర్వాత ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ ఉన్న బీఏలో చేరి పూర్తి చేశాను. అప్పటి నుంచి ఏటా ఎండాకాలం వచ్చేసరికి తెలిసినవాళ్ల పిల్లలో, వాళ్ల అమ్మానాన్నలో నాకు ఫోన్ చేస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే: "ఇప్పుడు దేంట్లో చేరితే మంచిది?" ఆ సంగతి చివర్లో తేలుతుంది. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి తేలకుండా చేరితే రెండోసారి కూడా మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. నేను వాళ్లతో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

1. సరిపడనిది ఏమిటో ముందు తేల్చుకోండి

"కోర్సు నచ్చలేదు" అనే మాట వెనక చాలా ఉంటాయి. సబ్జెక్టే పడకపోవచ్చు. సబ్జెక్టు బాగానే ఉన్నా కాలేజీలో చెప్పేవాళ్లు లేకపోవచ్చు. హాస్టల్ తిండి, ఒంటరితనం, ర్యాగింగ్ కావచ్చు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇంగ్లిష్‌లో చెప్పే పాఠం అందకపోవడం కావచ్చు. ఒక్కోదానికి మందు ఒక్కోటి. కాలేజీ బాగాలేదని కోర్సు మార్చుకుంటే నష్టపోయేది మీరే.

నాకు తెలిసిన ఒక అమ్మాయి కంప్యూటర్ సైన్స్ మానేసి డిగ్రీలో చేరతానంది. ఏ ప్రోగ్రాం కష్టంగా ఉందో చూపించమంటే నోట్‌బుక్ తెరిచింది. లూప్ ఎలా తిరుగుతుందో తెలుగులో చకచకా చెప్పేసింది. అదే సంగతి పరీక్షలో ఇంగ్లిష్‌లో రెండు పేరాలు రాయమంటే పెన్ను కదలడం లేదు. ఆమెకు సబ్జెక్టుతో గొడవే లేదు. మానలేదు, ఇంగ్లిష్ రాయడం మీద ఒక ఏడాది కష్టపడి నెట్టుకొచ్చింది.

కాబట్టి మీ మార్కుల మెమోలన్నీ ముందు పెట్టుకోండి. ప్రతి పేపరు పక్కన మూడింట్లో ఏదో ఒకటి రాయండి: "చదివినా ఎక్కలేదు", "అసలు చదవలేదు", "ఇష్టంగా చదివాను". మొదటి రకం ఎక్కువుంటే సబ్జెక్టు మీకు పడలేదని అర్థం. రెండో రకం ఎక్కువుంటే చదవకపోవడానికి కారణం వేరే ఎక్కడో ఉంది, అది కొత్త కోర్సులోకీ మీ వెంటే వస్తుంది. మూడో రకం ఒక్కటి ఉన్నా దాన్ని వదలకండి, దారి అక్కడి నుంచే దొరకొచ్చు.

నిద్ర పట్టడం లేదు, అన్నం సహించడం లేదు, బతకాలనిపించడం లేదు అనే స్థితిలో ఉంటే మాత్రం కోర్సు గురించి ఇప్పుడే నిర్ణయం తీసుకోకండి. ముందు డాక్టర్‌ని కలవండి. 14416 టెలీ మానస్ హెల్ప్‌లైన్‌. ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు.

2. మీ చేతిలో ఏముందో చూసుకోండి

కొత్త డిగ్రీ సీటు ఇచ్చేది ఇంటర్ మార్కుల మీద. బీటెక్‌లో ఎన్ని సబ్జెక్టులు పోయాయన్నది అక్కడ ఎవరూ లెక్కపెట్టరు. ఈ ఒక్క మాట తెలియక ఏడాదంతా దిగులుపడ్డ పిల్లల్ని చూశాను.

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌తో పాటు బీకాం, బీబీఏ, బీఏ కూడా తెరిచే ఉంటాయి. బైపీసీ వాళ్లకు మ్యాథ్స్ ఉన్న కాంబినేషన్లు దొరకవు, లైఫ్ సైన్సెస్, కామర్స్, ఆర్ట్స్ దొరుకుతాయి. తెలంగాణలో ఉస్మానియా, కాకతీయ, శాతవాహన, పాలమూరు, మహాత్మా గాంధీ, తెలంగాణ యూనివర్సిటీల పరిధిలోని కాలేజీలకు 2016 నుంచి దోస్త్ అనే డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ ద్వారా ఆన్‌లైన్‌లో సీట్లు ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్‌లోనే. అక్కడ 2023-24లో ఒకే మేజర్ (ప్రధాన) సబ్జెక్టు పద్ధతి తెచ్చారు, ఇప్పుడు ఏ పద్ధతి ఉందో చేరే ముందు కనుక్కోండి. మూడు సబ్జెక్టుల కాంబినేషన్‌లో ఒకటి నచ్చకపోయినా మిగతా రెండింటితో నెట్టుకురావచ్చు. మేజర్ ఒక్కటే అయినప్పుడు ఆ వీలు తక్కువ. అందుకని ఒకే మేజర్ ఉన్న కోర్సులో చేరేవాళ్లు కింద చెప్పే మూడో మెట్టు మీద ఇంకాస్త ఎక్కువ సమయం పెట్టాలి.

డిగ్రీ కాలేజీలే కాదు, వేరే దారులూ ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులకు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఐదేళ్ల లా కోర్సుకు లాసెట్, జాతీయ లా యూనివర్సిటీలకు క్లాట్. బొమ్మలు, డిజైన్ వైపు మనసుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో ఫైన్ ఆర్ట్స్ కోర్సులు ఉన్నాయి, వాటి ప్రవేశ పరీక్ష వేరు. ఇవన్నీ నెలల ముందే నోటిఫికేషన్లు ఇస్తాయి, మేలో మేలుకుంటే కొన్ని అప్పటికే అయిపోయి ఉంటాయి.

ఇంట్లో ఆదాయం అవసరమై పని చేస్తూ చదవాలనుకుంటే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో ఉన్నాయి. అయితే పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులో ఇంట్లో గడిచే వీలుంటే రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లమనే నేను చెబుతాను. ఒకసారి చదువు ఆగినవాళ్లకు పొద్దున లేచి క్లాసుకు వెళ్లే అలవాటు మళ్లీ పట్టుబడడమే సగం పని.

3. కోర్సు పేరు పక్కనపెట్టి పుస్తకం తెరవండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బీటెక్‌లో చేరినప్పుడు మనలో చాలామందిమి సిలబస్ చూడలేదు. ర్యాంకు చూశాం, బ్రాంచి పేరు చూశాం, పక్కింటి అన్నయ్య ప్యాకేజీ చూశాం. రెండోసారి ఆ పొరపాటు వద్దు.

మనసులో ఉన్న రెండు మూడు కోర్సులకు యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి సిలబస్ దించుకోండి. మొదటి సెమిస్టర్ కాదు, చివరి ఏడాది పేపర్లు చూడండి. మొదటి ఏడాది అన్ని కోర్సులూ తేలిగ్గానే కనిపిస్తాయి. తర్వాత ఒక్కో కోర్సుకు ఒక్కో పుస్తకం సంపాదించండి. తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు తేలిక తెలుగులో ఉంటాయి. జిల్లా గ్రంథాలయంలో కూర్చుని చదివినా సరిపోతుంది. రోజుకు గంట చొప్పున ఒక్కో పుస్తకానికి వారం ఇవ్వండి. ఒక చాప్టర్ చదివి, వెనక ఉన్న ప్రశ్నలకు పుస్తకం మూసి జవాబు రాయండి.

నేను మొదట బీకాం కంప్యూటర్స్ అనుకున్నాను, ఉద్యోగాలు ఉంటాయని. అకౌంటెన్సీ పుస్తకంలో జర్నల్ ఎంట్రీలు మొదలుపెట్టాను. అర్థమయ్యాయి, తప్పులూ పెద్దగా రాలేదు. కానీ నాలుగో రోజు నుంచి గడియారం చూడడం మొదలైంది. తర్వాతి వారం ఎకనామిక్స్ పుస్తకం. డిమాండ్ వ్యాకోచత్వం అనే పాఠం దగ్గర ఆగిపోయాను. టమాటా ధర సగానికి సగం పడిపోయినా ఏ ఇంట్లోనూ కూర రెట్టింపు వండరు. అందుకే పంట బాగా వచ్చిన ఏడాదే రైతు చేతికొచ్చే డబ్బు తగ్గిపోయి, గంపలకొద్దీ టమాటా రోడ్డు మీద పారబోస్తాడు. టీవీలో ఏటా చూసే దృశ్యానికి ఒక పేజీలో గ్రాఫుతో సహా కారణం కనిపించింది. వంటింట్లోకి వెళ్లి అమ్మకు చదివి వినిపించాను. మూడు సెమిస్టర్లలో ఒక్క పాఠాన్ని కూడా నేను అలా ఇంకొకరికి చెప్పాలనుకోలేదు. బీఏ అని అప్పుడే నిర్ణయించుకున్నాను.

మీకు టమాటాకు బదులు ఇంకేదో ఉంటుంది. గడియారం చూడని పుస్తకం ఏదో కనిపెట్టండి.

వీలైతే ఒకరోజు క్లాసులో కూర్చోండి. దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి వెళ్లి, "సార్, చేరాలనుకుంటున్నాను, ఒక క్లాసు వెనక కూర్చుని వింటాను" అని లెక్చరర్‌ని అడిగితే చాలామంది కాదనరు. సెకండియర్ పిల్లల్ని ఒక్కటే అడగండి: "ఈ సెమిస్టర్‌లో ఏ పేపరుకు లెక్చరర్ లేరు?" ఈమధ్య బీఎస్సీ డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పేర్లతో కోర్సులు చాలా వచ్చాయి. సబ్జెక్టు మంచిదే. కానీ చెప్పేవాళ్లు లేకుండా బోర్డు మాత్రమే ఉన్నచోట చేరడం కన్నా, అనుభవమున్న లెక్చరర్లు ఉన్న స్టాటిస్టిక్స్ కాంబినేషన్ ఎంతో మేలు.

4. డిగ్రీ తర్వాత ఏ తలుపు మూసుకుపోతుందో చూడండి

గ్రూప్స్, సివిల్స్, బ్యాంకు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. వాటికోసం పడని సబ్జెక్టు తీసుకోవాల్సిన పనే లేదు. ఎంబీఏకీ ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకీ అంతే, కాకపోతే జనరల్ కేటగిరీకి డిగ్రీలో 45 శాతం మార్కులు ఉండాలి.

కొన్నిటికి మాత్రం ఇప్పుడే జాగ్రత్తపడాలి. ఎంసీఏ చేయాలంటే ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉంటే మేలు. టీచర్ కావాలంటే బీఈడీలో ఏ మెథడాలజీ (ఏ సబ్జెక్టు బోధన) దొరుకుతుందో డిగ్రీ సబ్జెక్టులను బట్టి ఉంటుంది. సీఏ మీద మనసుంటే, డిగ్రీలో కామర్స్ వాళ్లు 55 శాతం, మిగతావాళ్లు 60 శాతం తెచ్చుకుంటే సీఏ మొదటి పరీక్ష ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియట్ స్థాయిలో చేరవచ్చు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: మ్యాథ్స్‌తో బీఎస్సీ పూర్తి చేసినవాళ్లు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంజనీరింగ్ దారి శాశ్వతంగా మూసుకుపోతుందని భయపడే అమ్మానాన్నలకు ఈ మాట చెప్పండి.

5. ఇంట్లో కాగితంతో కూర్చోండి

"నాకు నచ్చలేదు" అంటే నాన్న నోట వచ్చేది "కట్టిన ఫీజు సంగతేంటి?" అనే. అది కోపం కాదు, కష్టపడి తెచ్చిన డబ్బు గురించిన బాధ. దానికి మాటలతో జవాబు చెప్పలేం.

నేను తెల్లకాగితాన్ని నిలువునా రెండుగా గీశాను. ఎడమవైపు బీటెక్ కొనసాగిస్తే: ఇంకా కట్టాల్సిన ఫీజు, హాస్టల్ ఖర్చు, బ్యాక్‌లాగ్స్ పోవడానికి పట్టే అదనపు ఏడాది. కుడివైపు బీఏ: మూడేళ్లు, ప్రభుత్వ కాలేజీ ఫీజు, బస్ పాస్, ఆ తర్వాత ఏం రాయగలనో మూడు పరీక్షల పేర్లు. నాన్న చాలాసేపు చూసి, "ఈసారి మధ్యలో వదలవు కదరా?" అన్నారు. రెండు వారాలుగా చదువుతున్న ఎకనామిక్స్ పుస్తకం, జవాబులు రాసిన నోట్‌బుక్ తెచ్చి చూపించాను. ఇంకేమీ అడగలేదు. మూడో మెట్టు దాటకుండా ఈ మెట్టు ఎక్కవద్దని చెప్పేది అందుకే.

6. సర్టిఫికెట్లు, డబ్బు

కొత్త సీటు ఖాయం కాకముందు పాత కాలేజీలో టీసీ తీసుకోవద్దు. సీటు రాకపోతే రెంటికీ చెడతారు. ఆఫీసుకు వెళ్లి బకాయి ఎంతుందో మాత్రం ముందే కనుక్కోండి, చివరి నిమిషంలో టెన్షన్ ఉండదు. తర్వాత కావాల్సినవి టీసీ, టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు. ఏడాది ఖాళీ వస్తే గ్యాప్ అఫిడవిట్ (ఆ ఏడాది ఎక్కడా చదవలేదనే ప్రమాణపత్రం) అడగొచ్చు, స్టాంపు పేపరు మీద నోటరీ చేయించి పెట్టుకోండి.

"నాలుగేళ్ల ఫీజు కడితేనే ఒరిజినల్స్ ఇస్తాం" అని నన్నూ నెల రోజులు తిప్పారు. అలా అనడానికి వీల్లేదు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచుకోకూడదు, చదువుతున్న సెమిస్టర్ లేదా ఏడాదికి మించి ముందస్తు ఫీజు వసూలు చేయకూడదు. చేరిన కొద్దిరోజులకే మానేసేవాళ్లకు ఫీజు వాపసు కూడా అందులో ఉంది: అడ్మిషన్ల చివరి తేదీ దాటాక 15 రోజుల లోపైతే 80 శాతం, 30 రోజుల లోపైతే 50 శాతం, ఆ తర్వాత ఏమీ రాదు. అడిగేది నోటితో కాదు, కాగితం మీద అడగండి. ప్రిన్సిపాల్ పేరిట అర్జీ రాసి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ కాపీ చూపించి యూనివర్సిటీకి వెళ్లొస్తానని చెప్పాకే నా మెమోలు బయటికొచ్చాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద బీటెక్ చదివినవాళ్లు, కొత్త కోర్సుకు అది వస్తుందో లేదో చేరే ముందే కొత్త కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో అడగాలి. పాత అప్లికేషన్ నంబరు తీసుకెళ్లండి. రాదనుకుని ఫీజు లెక్క వేసుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

7. ఆప్షన్లు పెట్టేటప్పుడు

దోస్త్‌లో ఫోన్ నంబరు ఆధార్‌తో లింకై ఉండాలి, ముందు అది చూసుకోండి. వెబ్ ఆప్షన్ల వరుసను ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయికి వదిలేయకండి. ముందే కాగితం మీద రాసుకుని వెళ్లి, అదే వరుసలో కొట్టించి, సేవ్ చేశాక ప్రింట్ తీసుకోండి. మీరు వారం రోజులు పుస్తకం చదివి చూడని కోర్సు ఆ జాబితాలో ఒక్కటి కూడా ఉండకూడదు.

క్లాసులో అందరూ మీకన్నా ఏడాదో రెండేళ్లో చిన్నవాళ్లు ఉంటారు. మొదటి వారం "అన్నా", "అక్కా" అంటారు, ఇంటర్నల్స్ వచ్చేసరికి నోట్స్ అడుగుతారు. ఆ వారాల్లోనే కాంబినేషన్‌లో ఒక సబ్జెక్టు తేడాగా అనిపిస్తే ఆఫీసులో అడగండి. దోస్త్ విడతలు ముగిశాక, అదే కాలేజీలో ఖాళీ ఉన్న వేరే కాంబినేషన్‌లోకి మారడానికి ఇంట్రా కాలేజ్ ఫేజ్ అని కొన్ని రోజులే ఇస్తారు. ఆ తేదీలు నోటీసు బోర్డు మీద పెడతారు, రోజూ ఒకసారి అటు చూసి క్లాసుకు వెళ్లండి.