కొంబుచా పొర సరిగ్గా రావట్లేదా? బ్యాక్టీరియా సెల్యులోజ్: సమస్య - పరిష్కారం

బ్యాక్టీరియా సెల్యులోజ్ అంటే కొంబుచా (పులియబెట్టిన తియ్యటి టీ) మీద బ్యాక్టీరియా అల్లే పొర. దాన్ని పెంచడానికి ల్యాబ్ అక్కర్లేదు. వెడల్పాటి ట్రే, టీ, పంచదార, కొంబుచా తోడు ఉంటే చాలు. 2 లీటర్ల డికాక్షన్‌కి 200 గ్రాముల పంచదార, 200 మిల్లీలీటర్ల వెనిగర్, బతికున్న తోడు: చాలామంది మొదలుపెట్టేది ఈ లెక్కతోనే. అసలు పని చేసేది కొమగాటైబాక్టర్ జైలినస్ అనే బ్యాక్టీరియా, దాని దగ్గరి చుట్టాలు. పాత పుస్తకాల్లో దీని పేరు అసిటోబాక్టర్ జైలినమ్. గాలి తగిలే పైభాగంలోనే ఇది సెల్యులోజ్ పోగులు అల్లుతుంది. కాబట్టి ట్రే ఎంత వెడల్పుంటే పొర అంతే వస్తుంది. లోతు పెంచి లాభం లేదు.

పది రోజులైనా పొర కట్టలేదు

ముందు పీహెచ్ స్ట్రిప్ (పులుపు కొలిచే కాగితం, అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు) ముంచండి, వాసన చూడండి. పీహెచ్ మొదటి రోజు ఉన్నంతే ఉండి, తియ్యటి టీ వాసనే వస్తుంటే తోడు చచ్చిపోయినట్టే. వేడి డికాక్షన్‌లో పోసి ఉంటారు, లేదా పాశ్చరైజ్ చేసిన సీసా కొని వాడి ఉంటారు. డికాక్షన్ పూర్తిగా చల్లారాకే తోడు కలపాలి. మున్సిపల్ నీళ్లయితే బాగా మరిగించి వాడండి, క్లోరిన్ పోతుంది.

కల్లు వాసన, బుడగలు వస్తున్నాయి, పొర మాత్రం లేదు. ఇది వేరే కేసు. తోడులో బ్యాక్టీరియాతో పాటు ఉండే ఈస్ట్ హాయిగా ఉంది, బ్యాక్టీరియాకే గాలి అందట్లేదు. మూత బిగించారేమో చూడండి. మూత తీసేసి దగ్గరి నేత కాటన్ గుడ్డ కట్టండి. పలచటి గుడ్డయితే పళ్ల మీద ముసిరే చిన్న ఈగలు దూరి గుడ్లు పెడతాయి.

పులుపెక్కింది, కానీ పొర బదులు ముద్దలు, పీచులు తేలుతున్నాయంటే ట్రే కుదురుగా లేదన్నమాట. వాషింగ్ మెషీన్ పక్కన, ఫ్రిజ్ పైన పెట్టొద్దు. పదే పదే కదిలే కల్చర్‌లో సెల్యులోజ్ చేయని రకాలు పైచేయి సాధిస్తాయి. అక్కడి నుంచి తోడు తీసి మళ్లీ వేసినా పొర బలహీనంగానే వస్తుంది. తోడు మార్చడమే మేలు.

ఇక వాతావరణం. దీనికి నచ్చేది 28 నుంచి 30 డిగ్రీలు. మే నెల ఎండల్లో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో పెట్టి పొర రాలేదని టెన్షన్ పడటం అనవసరం. వానాకాలం చివర మొదలుపెట్టండి.

పైన మచ్చలు కనిపిస్తున్నాయి: బూజా, పొరా?

ఎక్కువ ట్రేలు అనవసరంగా పారబోసేది ఇక్కడే, పారబోయాల్సినవి దాచుకునేదీ ఇక్కడే. లైటు కిందకి వంగి పక్క నుంచి చూడండి. కొత్త పొర తడిగా, మెరుస్తూ, మసక గాజులా ఉంటుంది, అక్కడక్కడా తెల్లగా చిక్కబడుతుంది. బూజు పొడిగా ఉంటుంది. నూగు లేచి, గుండ్రంగా, అంచు తెల్లగా, నడిమి పచ్చగానో నల్లగానో పెరుగుతుంది. పొర కింద గోధుమ రంగు పీచులు వేలాడుతుంటే అది ఈస్ట్, కంగారు వద్దు.

బూజుకి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: మొదటి రోజుల్లో పులుపు చాలకపోవడం. 1954లో హెస్ట్రిన్, ష్రామ్ అనే శాస్త్రవేత్తలు వాడిన పోషక ద్రావణాన్ని ల్యాబ్‌లో ఇప్పటికీ పీహెచ్ 5, 6 దగ్గర పెట్టి వాడతారు. బ్యాక్టీరియాకి అక్కడ సుఖం. కానీ వాళ్లు ద్రావణాన్ని ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) స్టెరిలైజ్ చేస్తారు, మన వంటింట్లో ఆ వీలు లేదు. అందుకే ఎదుగుదల కొంచెం నెమ్మదించినా సరే, పీహెచ్ 4 లేదా ఇంకాస్త తక్కువలో మొదలుపెట్టాలి. తోడు మొత్తంలో పదో వంతు కంటే తగ్గకూడదు.

బూజు పట్టిందా, గీకి వాడుకునే ప్రయత్నం చేయొద్దు. పొర, ద్రావణం, గుడ్డ మొత్తం పారేసి, ట్రేని సబ్బుతో కడిగి, మరిగే నీళ్లు పోయండి. ఆ ట్రే నుంచి తోడు మాత్రం తీసుకోవద్దు.

పొర ఆకులు ఆకులుగా విడిపోతోంది, గుంటలు పడుతున్నాయి

ట్రే జరిపినప్పుడో, పై నుంచి టీ పోసినప్పుడో పొర మునుగుతుంది, దాని మీద కొత్తది మొదలవుతుంది. మధ్యలో ఏమీ పోయకండి, పైకెత్తి చూడకండి. ఇప్పటికే విడిపోయి ఉంటే ఆకుల్ని ఒకదాని మీద ఒకటి సర్ది, గాలి లేకుండా ఒత్తి ఆరబెట్టండి, చాలావరకు అతుక్కుంటాయి.

గుంటలు ఈస్ట్ వదిలే గ్యాస్ వల్ల. ఈస్ట్ అడుగున పేరుకుంటుంది కాబట్టి తోడు పై నుంచి తీయండి.

ఆరాక అప్పడంలా విరుగుతోంది

తడి పొరలో దాదాపు 99 శాతం నీరే. వేలెడు మందం పొర ఆరితే కాగితమంతే మిగులుతుంది. ఎండలో గబగబా ఆరబెడితే అంచులు లేచిపోతాయి, విరుగుతుంది. కడగడం సరిపోకపోతే వెనిగర్ వాసన వదలదు, మిగిలిన పంచదారకి చీమలు పడతాయి.

కడిగే పద్ధతి: లీటరు నీళ్లకి 4 గ్రాముల కాస్టిక్ సోడా, స్టీల్ గిన్నెలో 80 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట. సోడానే నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం గిన్నె అసలు వాడొద్దు, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. తర్వాత పీహెచ్ 7కి వచ్చేదాకా నీళ్లు మారుస్తూ కడగాలి. టీ రంగు చాలావరకు పోయి పొర తెల్లబడుతుంది.

మెత్తదనం కోసం మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్‌ని 5 నుంచి 10 శాతం కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, నున్నటి చెక్క మీద పరిచి నీడలో ఆరనివ్వండి. చెక్క గీతలు, గుడ్డ నేత ఏది కింద ఉంటే ఆ అచ్చు పొర మీద దిగుతుంది. వానాకాలంలో జిగటగా తగిలితే గ్లిజరిన్ ఎక్కువైందని: అది గాలిలోని తేమని లాక్కుంటుంది. మళ్లీ నీళ్లలో నానబెట్టి కొంత తీసేయొచ్చు.

తడిస్తే ఉబ్బిపోతోంది

దీనికి ఇంట్లో పూర్తి పరిష్కారం లేదు. తేనెమైనం, నూనె పూతలు కాసేపు ఆపుతాయంతే. ఈ పొరతో జాకెట్లు కుట్టి పేరు తెచ్చుకున్న డిజైనర్ సుజాన్ లీ కూడా 2011 టెడ్ ప్రసంగంలో ఆ బట్టలు వానకి నిలవవని చెప్పారు. కాబట్టి దీన్ని తోలు అని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. ల్యాంప్ షేడ్, నోట్‌బుక్ అట్ట, గోడకి తగిలించే బొమ్మ లాంటివాటికి బాగుంటుంది. నీరు పట్టుకునే ఈ గుణం కోసమే బ్రెజిల్‌లో 1980ల నుంచి గాయాల మీద కట్టుగా వాడుతున్నారు, అది స్టెరైల్ సరుకు. ఇంటి పొరని పుండు మీద పెట్టొద్దు. ఆరినప్పటి బిగువు కావాలనుకున్న సోనీ 1989లో ఎండీఆర్ ఆర్10 హెడ్‌ఫోన్స్ డయాఫ్రమ్‌కి (శబ్దం పుట్టించే పలచటి పొర) వాడింది.

టీ బదులు కొబ్బరి నీళ్లు పోస్తే పలచగా వస్తోంది

ఫిలిప్పీన్స్‌లో తినే జెల్లీ లాంటి నాటా డి కోకో తయారయ్యేది కొబ్బరి నీళ్లతోనే. కేరళలో మలై అనే సంస్థ ఆ నీళ్లతోనే బ్యాగులకి పనికొచ్చే షీట్లు చేస్తోంది. కోనసీమలో ముదురు కాయ కొట్టినప్పుడు పారబోసే నీళ్లు కూడా పనికొస్తాయి, కానీ వాటిలో నత్రజని తక్కువ. నాటా చేసేవాళ్లు ఫుడ్ గ్రేడ్ అమ్మోనియం సల్ఫేట్ కలుపుతారు. ఎరువుల కొట్టు సరుకు కలిపితే ఆ పొర తినకూడదు. ఇంట్లో అయితే సగం కొబ్బరి నీళ్లు, సగం టీ పోసి చూడండి, పంచదార, వెనిగర్ మామూలు లెక్కే. కాయ కొట్టిన రోజే మరిగించండి, మర్నాటికి ఆ నీళ్లు పాడైపోతాయి.