గాలం వేసేటప్పుడు పక్కకి వచ్చే జంతువులు: చూడ్డం ఎలా, తప్పుకోవడం ఎలా

అడవి చూద్దామని జీపు మాట్లాడుకుని పొద్దున్నే వెళ్ళేవాళ్ళకి ఒక్కోసారి కోతులు తప్ప ఏమీ కనపడవు, అదే కాలవ గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్నవాడి దగ్గరికి మాత్రం అన్నీ వాటంతట అవే వస్తాయి. ఎందుకంటే మనం కదలం, మాట్లాడం, అవి నీళ్ళకి వచ్చే టైముకే మనమూ అక్కడ ఉంటాం, పైగా ఒళ్ళంతా చేపల కంపు. కాబట్టి వాటిని బాగా చూడాలన్నా, వాటితో గొడవ లేకుండా ఇంటికి రావాలన్నా నా లెక్కలో రెండే రెండు విషయాలు: ఎక్కడ కూర్చున్నాం, పట్టిన చేపలు (వాటి పేగులు, పొలుసులతో సహా) ఎక్కడ పెట్టాం. మిగతావన్నీ దీని తర్వాతే.

కూర్చునే చోటు ముందు చూడండి. తుంగ, జమ్ము దట్టంగా పెరిగిన దాంట్లోకి దూరి కూర్చుంటే నీడ బాగుంటుంది గానీ పక్కన ఏముందో మనకి కనపడదు, మనం ఉన్నట్టు దానికీ తెలీదు. గట్టు మీంచి నీళ్ళలోకి నున్నగా జారుడుగా ఒక బాట పడి ఉంటే అది ఏదో ఒకటి రోజూ దిగే దారి, ఉడుము కావచ్చు, పందులు కావచ్చు, నీటికుక్కలు కావచ్చు. దానికి అడ్డంగా కుర్చీ వేయొద్దు, కాస్త పక్కకి జరిగి కూర్చుంటే అదే బాటలో వచ్చేది మీకు బాగా కనపడుతుంది కూడా. కొత్త చోటైతే అక్కడ విసురు వల వేసే వాళ్ళెవరైనా ఉంటే "బాబాయ్ ఇక్కడ ఏమైనా తిరుగుతున్నాయా" అని అడగండి, గూగుల్ కంటే వాళ్ళే నయం. చెరువైతే చాలావరకు మత్స్యకార సొసైటీల చేతిలో ఉంటుంది కాబట్టి ఎలాగూ అడగాల్సిందే.

వెళ్ళగానే గాలం వేసేయకుండా కాసేపు పిట్టల్ని చూడండి, ఇది చేపలు పట్టడానికి కూడా పనికొస్తది. నలుపు తెలుపు లకుముకి పిట్ట గాల్లో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి కిందకి చూస్తుందంటే అక్కడ చిన్న చేప తిరుగుతున్నట్టే. నీటికాకులు గుంపుగా మునిగి లేస్తూ ఒకవైపు జరుగుతుంటే చేపల గుంపు వాటి ముందు పోతుందన్నమాట. గుడ్డికొంగ మాత్రం మన పక్కనే రాయి మీద నిలబడి మన గాలం వైపే చూస్తా ఉంటది, చిన్న చేప ఏదైనా వదిలేస్తామేమో అని. వేయకండి. ఒకసారి వేస్తే అది అలవాటుపడి గాలానికి తగిలిన చేప మీదకే దూకుద్ది, అప్పుడు కొక్కెం దాని నోట్లో ఉంటది.

ఇక అందరూ భయపడేది పాములకి. గట్టు మీద ఎక్కువగా కనపడేది నీరుకట్టె, విషం లేదు. చేపల సంచి నీళ్ళలో వేలాడదీసి ఉంచితే వాసన పట్టుకుని నేరుగా దాని దగ్గరికే వస్తది, నీళ్ళ మీద తల ఒక్కటే పైకి పెట్టి, ఆగి, మళ్ళీ కాస్త ముందుకొచ్చి. దగ్గరగా వచ్చినప్పుడు చూడండి, ఒళ్ళంతా గళ్ళు గళ్ళుగా ఉంటది, కంటి కింద ఒకటి, కంటి వెనక ఒకటి ఏటవాలుగా నల్లటి గీతలు ఉంటాయి. బెదిరిస్తే మెడ వెడల్పు చేసి లేస్తది, అది చూసి తాచు అనుకుని కర్రతో కొట్టి చంపేస్తారు, పాపం దానికి కావాల్సింది మీ సంచిలో ఉన్న జెల్ల పిల్ల. సంచి పైకి తీసి ఓ పక్కన పెట్టేయండి, రెండు నిమిషాల్లో వెళ్ళిపోద్ది. చేత్తో పట్టుకుంటే మాత్రం గట్టిగా కరుస్తది, రక్తం బాగా కారుద్ది. అసలు ఏ పామునైనా గుర్తుపట్టడంలో ఏమాత్రం అనుమానం ఉన్నా దూరం జరగడమే.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. వరి చేల పక్క గట్ల మీద రక్తపింజరి, అది కదలదు, ఎండుగడ్డిలో కలిసిపోయి ఉంటది, కాబట్టి చెప్పులు కాకుండా బూట్లు, చీకటి పడితే టార్చి లేకుండా అడుగు వేయొద్దు. రెండోది కట్లపాము. రాత్రంతా గాలాలు వేసి గట్టు మీదే చాప పరుచుకుని పడుకునే వాళ్ళకి దీంతోనే డేంజర్, ఎందుకంటే రాత్రిపూట తిరుగుద్ది, కరిచినా చాలాసార్లు నొప్పి తెలీదు, తెల్లారి కడుపునొప్పి అని లేస్తారు, కళ్ళు మూతలు పడతా ఉంటాయి. పడుకోవాలంటే మడత మంచం, దోమతెర, దాని అంచులు కిందకి దోపుకోవడం. కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు, మంత్రం వేసే ఆయన దగ్గరికి అసలే వద్దు, ఆ కాలో చెయ్యో కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేసి గవర్నమెంట్ ఆసుపత్రికి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఫ్రీగా వేస్తారు.

తాబేలు గాలానికి పడటం మన దగ్గర చాలా మామూలు, ముఖ్యంగా వానపాము ఎర వేస్తే. బెండు చటుక్కున మునగదు, మెల్లగా ఒక పక్కకి జరుగుతా పోద్ది, లాగితే తడిసిన గోనెసంచి లాగినట్టు బరువు, మధ్యలో చిన్న చిన్న తోపులు. పైకి వచ్చాక చాలామంది చేసే పని దారం పట్టుకుని గాల్లోకి ఎత్తడం, దాంతో గొంతు చీరుకుపోద్ది. వల బుట్ట ఉంటే కింద నుంచి ఎత్తండి, లేకపోతే డొప్పని వెనక వైపు నుంచి రెండు చేతులతో పట్టుకోండి. మెత్తటి డొప్ప తాబేళ్ళకి మెడ మీరు అనుకున్నదానికంటే చాలా పొడుగు, పక్కకి తిప్పి సగం డొప్ప దాకా అందుకుంటది, వేలు దొరికితే వదలదు. తల మీద తడి గుడ్డ కప్పితే కాస్త నెమ్మదిస్తది. కొక్కెం పెదవికి ఉంటే, వెనక్కి తిరిగి ఉన్న ముల్లుని కటింగ్ ప్లేయర్‌తో నొక్కేసో కత్తిరించేసో తీయండి. లోపలికి మింగేసి ఉంటే లాగొద్దు, దారం వీలైనంత పొట్టిగా కోసేయండి, పశువుల డాక్టరు దగ్గరికో ఫారెస్ట్ వాళ్ళకో చేర్చగలిగితే మంచిది. ఇంటికి తెచ్చి తొట్టిలో వేయడం, కూర వండడం రెండూ 1972 వన్యప్రాణి చట్టం కింద కేసులే, ఎవరూ చూడరులే అనుకోకండి.

పిట్ట చిక్కుకున్నా ఇంతే, దారం తెంపేసి వదిలేస్తే అది ఏ కొమ్మకో తగులుకుని తలకిందులుగా వేలాడి చస్తది. మెల్లగా దగ్గరికి లాగి ముందు తువ్వాలు తల మీద వేయండి, కొంగైతే ముక్కు పట్టుకోండి, అది సూటిగా కళ్ళనే పొడుస్తది.

నీటికుక్కలు కనపడితే ఆ రోజు చేపలు మర్చిపోండి, వాటినే చూడండి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల పక్క పాయల్లో పొద్దున్నే కుటుంబం మొత్తం వస్తాయి, ముందు ఈల లాంటి అరుపులు, తర్వాత నీళ్ళ మీద వరసగా తలలు. చేపని ముందరి కాళ్ళతో పట్టుకుని తల వైపు నుంచి కరకరా నములుతుంటే ఆ చప్పుడు ఇవతలి ఒడ్డుకి వినపడుద్ది. వాటిని చూసి వలలు చింపుతాయని తిట్టుకునే వాళ్ళున్నారు, వాళ్ళ బాధ నిజమే, కానీ గాలం వేసేవాడికి వాటితో నష్టం ఒక్క పూట మాత్రమే. పిల్లలు వెంట ఉంటే పెద్దవి నీళ్ళలో నిటారుగా లేచి బుసకొడతాయి, అప్పుడు మీరే పక్కకి వెళ్ళాలి. అక్కడే చీకటి పడ్డాక చేపలు పట్టుకునే బావురు పిల్లి కూడా తిరుగుద్ది, ఇంటి పిల్లికి రెండింతలుంటది, బూడిద రంగు మీద నల్ల మచ్చలు, తోక పొట్టి. టార్చి ముఖం మీద కొట్టకుండా పక్క నేల మీదకి వేస్తే కాసేపు నిలబడుద్ది. కోరింగ 1978 నుంచి అభయారణ్యం, లోపల ఎక్కడికి వెళ్ళొచ్చో ఎక్కడ కూడదో ఫారెస్ట్ వాళ్ళని అడిగే వెళ్ళండి.

మొసలి ఉన్న నీళ్ళలో రూల్స్ మారిపోతాయి. మంజీర, కిన్నెరసాని అభయారణ్యాలు కాబట్టి అక్కడ గాలం అనే మాటే లేదు, కానీ కృష్ణలో జూరాల దగ్గరా సాగర్ వైపూ కూడా మొసళ్ళు ఉన్నాయి. చలికాలం పొద్దున పూట ఒడ్డున ఎండకి నోరు తెరుచుకుని పడుకుంటది, అది మన మీద కోపం కాదు, ఒంటి వేడి సర్దుకోవడం. ప్రమాదం అది కనపడినప్పుడు కాదు, కనపడనప్పుడు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గాలం వేయొద్దు, నీళ్ళ అంచున వంగి చేపలు కడగొద్దు, పేగులు అక్కడే పారేయొద్దు, రోజూ ఒకే చోట కూర్చోవద్దు. ఎండాకాలం మొదట్లో ఒడ్డున ఇసకలో గుడ్లు పెట్టి కాపలా కాస్తది, ఆ రోజుల్లో ఇసక తిన్నెల జోలికి వెళ్ళకండి. రాత్రి టార్చి వేస్తే నీళ్ళ మట్టానికి ఎర్రగా మెరిసే కళ్ళు కనపడితే సామాను సర్దేయడమే, ఇంకో పావుగంట చూద్దాం లాంటివి వద్దు.

బ్రిడ్జిల కింద నీడ బాగుందని కూర్చునేవాళ్ళు ముందు తల పైకెత్తి చూడండి, పెద్ద తేనెతుట్టెలు ఉంటే అక్కడ బీడీ వద్దు, పొయ్యి అసలే వద్దు.

సముద్రం సంగతి కొంచెం చెప్తా. వలలో వచ్చిన పాముకి తోక పక్కలకి నొక్కినట్టు చదునుగా ఉంటే అది సముద్రపు పాము, విషం గట్టిది, మన దగ్గర దొరికే విరుగుడు ఇంజెక్షన్ తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటి కోసం చేసింది, దీనికి కాదు. చేత్తో విదిలించకుండా పొడుగు కర్రతో తీసేయండి. ఆలివ్ రిడ్లీ తాబేలు వలలో కదలకుండా ఉన్నా చచ్చిందనుకోవద్దు, పడవలో నీడన, వెనక భాగం కాస్త ఎత్తులో పెట్టి, తడి గుడ్డ కప్పి కొన్ని గంటలు చూడండి, ఊపిరి అందక స్పృహ తప్పినవి చాలాసార్లు లేస్తాయి. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి బీచ్‌లో వలలో పడ్డ తిమింగలం సొరని మత్స్యకారులూ ఫారెస్ట్ వాళ్ళూ కలిసి మళ్ళీ సముద్రంలోకి తోశారు, అంతటిదాన్నే వదలగా లేనిది మనం తాబేలుని వదల్లేమా.

ఫొటోలు తీసుకోండి, వాట్సాప్‌లో పెట్టుకోండి, కానీ నీటికుక్క బొరియ, గూళ్ళు, గుడ్లు ఉన్న చోటు లొకేషన్ మాత్రం పెట్టకండి, ఫోన్ కెమెరాలో లొకేషన్ సెట్టింగ్ ముందే ఆఫ్ చేసుకుని వెళ్ళండి. లేచేటప్పుడు చిక్కుపడ్డ నైలాన్ దారం ముక్కలన్నీ ఒక బాటిల్‌లో కుక్కి ఇంటికి తెచ్చేయండి.