సూక్ష్మ రుణం తీసుకునే ముందు వేసుకోవాల్సిన లెక్క

సూక్ష్మ రుణం, అంటే పేద కుటుంబాలకు ఇచ్చే చిన్న అప్పు, దానంతటదే పేదరికాన్ని పోగొట్టదు. బోస్నియా, ఇథియోపియా, భారత్, మెక్సికో, మంగోలియా, మొరాకోల్లో జరిగి 2015లో వెలువడిన ఆరు అధ్యయనాల్లో చిన్న వ్యాపారాలు కొంత పెరిగాయి గానీ, సగటు కుటుంబ ఆదాయం చెప్పుకోదగ్గంతగా మారలేదు. కాబట్టి అప్పు దేనికి, ఏ షరతులతో అన్నదే ముఖ్యం.

ముందు వడ్డీ పద్ధతి అడగండి. 10,000 అప్పుకు 12 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే నెలకు సుమారు 933 చొప్పున 12 వాయిదాలు. అసలు నెలనెలా తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 10,000 మీదే వేస్తారు. దాంతో నిజమైన రేటు 21 శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, బీమా పట్టుకుంటే ఇంకా ఎక్కువే.

తర్వాత రాబడి ఎప్పుడు మొదలవుతుందో చూడండి. రోజూ అమ్మే కూరగాయలకు వారం వాయిదా సరిపోతుంది, ఇంకా ఈనని పెయ్యకు సరిపోదు. అలాంటప్పుడు మొదటి వాయిదాకు రెండు నెలల వ్యవధి అడగండి. లేకుంటే రెండో అప్పు తెచ్చి మొదటిది కట్టాల్సి వస్తుంది. కుటుంబాలు మునిగేది ఎక్కువగా అక్కడే. అమ్మకాలు బాగా పడిపోయిన నెలలో మిగిలే డబ్బులో సగానికి మించి వాయిదా పెట్టుకోవద్దు. గ్రూపు పూచీ ఉంటే తోటి సభ్యురాలి బాకీ కూడా మీ మీద పడొచ్చు. అందుకు కనీసం ఒక వాయిదా సొమ్ము ముందే దాచండి.