పాత కారులో కొత్త కార్పెట్ వేసే ముందు జాగ్రత్తలు

• బ్యాటరీ నెగటివ్ వైరు ముందే విప్పేయండి.

• పాత కార్పెట్ అప్పుడే పారేయకండి. సీటు బోల్టుల రంధ్రాలు ఎక్కడ కొయ్యాలో చెప్పేది అదే.

• అసలు పని ఫ్లోర్ దగ్గరే. స్క్రూడ్రైవర్ మొనతో మూలలన్నీ పొడిచి చూడండి. పొరలు రాలితే ముందు తుప్పు సంగతి తేల్చండి. తడి ఉంటే నీళ్లు అద్దం రబ్బరు నుంచా, తలుపు నుంచా కనుక్కోండి. తడి రేకు మీద సౌండ్ షీటు (చప్పుడు తగ్గించే పొర) అంటిస్తే కింద కనబడకుండా తుప్పు రేకును తినేస్తుంది.

• పాత ఇన్సులేషన్‌లో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉండొచ్చు. అనుమానముంటే గీకకండి, పరీక్ష చేయించండి.

• ఫ్లోర్‌లో నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ రంధ్రాలు మూసేయకండి.

• జిగురు పూసేటప్పుడు తలుపులన్నీ తెరవండి, దగ్గర్లో నిప్పు వద్దు.

• మందం ఎక్కువైతే యాక్సిలరేటర్ పెడల్ కార్పెట్‌కి తగులుకుంటుంది. అంటించకముందే పరిచి, పెడల్స్ పూర్తిగా తొక్కి చూడండి.