కొత్త బ్లాకు బిగించే ముందు క్లే ముద్దతో ఒక పరీక్ష

శ్రీకాకుళంలో పాత యమహా ఆర్15 రెండో వెర్షన్ నడిపే మిత్రులు కొందరు, 2018లో మన దేశంలో విడుదలైన మూడో వెర్షన్ బ్లాకు (పిస్టను కదిలే సిలిండరు భాగం), పిస్టను, హెడ్డు (వాల్వులుండే పైభాగం) తెచ్చి తమ బండికి బిగించాలని ఆశపడుతుంటారు. రెండింటి స్ట్రోకూ, అంటే పిస్టను కదిలే దూరమూ, 58.7 మిల్లీమీటర్లే కాబట్టి, బోరు, అంటే సిలిండరు వ్యాసం, 57 నుంచి 58కి పెరగడం తప్ప వేరే తేడా లేదనిపిస్తుంది. నిజానికి సిలిండరులో గాలి, పెట్రోలు మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో చెప్పే కంప్రెషన్ నిష్పత్తి 10.4 నుంచి 11.6కి మారుతుంది, ఇంజిన్ వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరును మార్చే వీవీఏ హెడ్డులో పనిచేయాలంటే దానికి తగిన ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటరు) కూడా కావాలి.

భాగాలు చేతికి రాగానే, వాల్వులు పిస్టనుకు తగలకుండా చాలినంత ఖాళీ ఉందో లేదో చూడటానికి, పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే కొంచెం తెచ్చి, పిస్టను తలపైనున్న వాల్వు గుంటల్లో అద్ది, పైన పలుచగా నూనె రాయండి. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య చివరికి వాడబోయేంత మందం గల గాస్కెట్ (పలుచని సీలు) పెట్టే హెడ్డు బిగించి, వాల్వులకూ పిస్టనుకూ కదలిక పొంతన కుదిర్చే టైమింగ్ గుర్తులు కలిపి, స్పార్క్ ప్లగ్ తీసేసి, పిస్టనును కదిపే క్రాంకును స్పానరుతో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆగిపోవాలి. హెడ్డు విప్పాక, వాల్వు నొక్కిన చోట క్లేను బ్లేడుతో నిలువుగా కోసి, మిగిలిన మందాన్ని వెర్నియరుతో కొలవండి. అది ఒక మిల్లీమీటరైనా లేకపోతే ఇంజిన్ స్టార్ట్ చేయకండి. ఈ గంట పనిని తొందరలో వదిలేసిన నా బండికి, ఏడు రోడ్ల కూడలి దాటకముందే ఎగ్జాస్టు వాల్వు వంగిపోయింది.

పాత ఈసీయూ చాలినంత పెట్రోలు ఇవ్వకపోతే పిస్టను విపరీతంగా వేడెక్కుతుంది కనుక, ఎప్పుడు ఎంత పెట్రోలు ఇవ్వాలో ఈసీయూకు చెప్పే ఇంధన మ్యాపును సరిచేయించకుండా హైవే ఎక్కకండి. రిజిస్ట్రేషన్ పత్రంలోని ఇంజిన్ సామర్థ్యానికి తేడా రాకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతున్నందున, రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే భాగాలకు డబ్బు కట్టండి.